ధర్మసంకటం – ఋణశేషం

(పునఃప్రతిష్ఠా మహోత్సవ సందర్భంగా యాగశాల ప్రాంగణంలో చేసిన ప్రసంగ పాఠం)





మన ఆలయానికి నూతన ధ్వజస్తంభం కొరకు నారేప వృక్షాన్ని అనుమతులతో ఎంపిక చేసుకొని, ఛేదన విధికి మేము వెళ్ళిన దినాన మాతో కొందరు యువకులు కూడా వచ్చారు. యజుర్వేదంలో యూపస్తంభం కొరకు చెట్టును కొట్టడానికి ఒక క్రమం చెప్పబడి ఉన్నది. ముందుగా వృక్షానికి దర్భను అడ్డుగా ఉంచి, దానికి రక్షగా ఉండుమని ఆ దర్భను వేడుకుంటారు. పిదప గొడ్డలిని ఉద్దేశించి, ఈ చెట్టును బాధించవద్దని చెబుతారు. చెప్పిన మరుక్షణం గొడ్డలి వేటు పడుతుంది. చెట్టు నేలకొరిగిన తరువాత మిగిలిన మొద్దు మీద నేతితో ఆహుతి ఇచ్చి, నూరు కొమ్మలుగా తిరిగి చిగురించమని ప్రార్థిస్తారు. ధ్వజస్తంభం విషయంలోనూ ఆగమోక్తంగా వృక్షపూజ చేసి, ఆ చెట్టును ఆశ్రయించి ఉన్న ప్రాణికోటిని, భూతగణాలను క్షమాపణ కోరి, వేరొక తావుకు తరలి వెళ్ళవలసిందిగా ప్రార్థించిన తరువాతనే గొడ్డలి తాకించాలి.

ఇదంతా శ్రద్ధగా చూసిన ఒక విద్యార్థి నన్ను సూటిగా అడిగాడు: “పంతులుగారూ! నరికేదీ మనమే, బాధించవద్దని చెప్పేదీ మనమే. అవసరమైతే నరకాలి, పాపమైతే మానాలి. మధ్యలో ఈ క్షమాపణ ఎందుకు? చెట్టును మోసగించడం కాదా?”

ప్రశ్న మంచిది. పెద్దలు చాలామంది అడగడానికి వెనుకాడేది ఆ పిల్లవాడు అడిగాడు. రెండు మాటలలో చెప్పి పంపగలిగే సమాధానం కాదు గనుక, ఈ వేదికను అందుకు వినియోగించుకుంటున్నాను.

లోకంలో ‘ధర్మసంకటం’ అనే మాటను చాలా చులకనగా వాడుతున్నాము. లంచం పుచ్చుకోవాలా వద్దా అన్నది ధర్మసంకటం కాదు. అది ప్రలోభం. ఒకవైపు ధర్మం, మరొకవైపు అధర్మం ఉన్నచోట మనసుకు కష్టం ఉండవచ్చునేమో గాని, బుద్ధికి సందేహం ఉండదు. రెండువైపులా ధర్మమే నిలిచి, రెండూ ‘నన్ను ఆచరించు’ అని శాసిస్తూ, ఒకదానిని ఆచరిస్తే రెండవది తప్పిపోయే స్థితి వచ్చినప్పుడే అది సంకటం. తల్లిదండ్రుల దగ్గర ఉండవలసిన కుమారుడే, బిడ్డల పోషణ కొరకు దేశాంతరం పోవలసిన తండ్రి కూడా. ఈ సంచికలోని దాతల పట్టికలో విదేశాలలో ఉన్నవారి పేర్లు ఎన్నో కనిపిస్తాయి. వారిలో కొందరు వేళకాని వేళ ఫోన్ చేసి నన్ను అడిగేది ముహూర్తాలను గురించి కాదు. ‘అమ్మ ఒంటరిగా ఉన్నది, నేను చేస్తున్నది ధర్మమేనా?’ అని అడుగుతారు. వారికి తిథి వార నక్షత్రాలతో సమాధానం చెప్పలేము.

ఇటువంటి స్థితిలో గొప్ప ధర్మం కొరకు చిన్న ధర్మాన్ని విడువవచ్చునని శాస్త్రం అంగీకరించింది. శాంతిపర్వంలో ఆపద్ధర్మాలను ప్రత్యేకించి చెప్పడమే ఇందుకు నిదర్శనం. అంతవరకు అందరికీ తెలిసినదే. అయితే, అలా విడిచిపెట్టిన ధర్మం ఏమైపోతుంది? చచ్చిపోయిందా? దానితో మనకు ఇక పని లేదా? ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచరాదని పెద్దలు అంటారు. మన ఇతిహాసాలను పరిశీలిస్తే, విడువవలసి వచ్చిన ధర్మం ఋణశేషమై మన ఖాతాలో నిలిచి ఉంటుందని నాకు తోస్తున్నది. ఎంపిక సరియైనదే కావచ్చు. బాకీ మాత్రం బాకీయే.

కురుక్షేత్రంలో పదునేడవనాటి ఘట్టం చూడండి. కర్ణుని బాణాలకు గాయపడి ధర్మరాజు శిబిరానికి చేరాడు. అన్నగారి క్షేమం చూడటానికి అర్జునుడు శ్రీకృష్ణునితో కూడి వచ్చాడు. కర్ణుణ్ణి చంపి వచ్చాడని ధర్మరాజు సంతోషించాడు. కర్ణుడింకా బ్రతికే ఉన్నాడని తెలిసి, ఆ నొప్పిలో, ఆ అవమానంలో నోరు జారాడు. నీ గాండీవం మరొకరికి ఇచ్చివేయరాదా అన్నాడు. ఎంత శాంతమూర్తికైనా శరీరం నొప్పిపెట్టినప్పుడు మాట అదుపు తప్పుతుందని వ్యాసభగవానుడు దాచకుండా చెప్పాడు.

అర్జునునికి ఒక వ్రతం ఉన్నది. గాండీవం ఇతరులకు ఇమ్మని ఎవరంటే వారి తల తీస్తానని రహస్యంగా చేసుకున్న ప్రతిజ్ఞ. కత్తి దూశాడు. సత్యం తప్పరాదు, అది ధర్మం. తండ్రి వంటి జ్యేష్ఠుని చంపరాదు, అదీ ధర్మమే.

శ్రీకృష్ణుడు కోపగించుకున్నాడు. పెద్దలను సేవించి ధర్మం తెలుసుకోలేదు నీవు అని మందలించి రెండు కథలు చెప్పాడు. బలాకుడనే వేటగాడు కుటుంబ పోషణ కొరకు మాత్రమే వేటాడేవాడు. ఒకనాడు నీరు త్రాగుతున్న ఒక గ్రుడ్డి మృగాన్ని కొట్టాడు. ఆకాశం నుండి పూలవాన కురిసింది. సర్వప్రాణులనూ నాశనం చేసే వరం పొందిన మృగమది. కొట్టినవాడు స్వర్గానికి వెళ్ళాడు. ఇక కౌశికుడనే తపస్వి ఎల్లవేళలా సత్యమే పలుకుతానని వ్రతం పట్టి నదీసంగమం దగ్గర ఉండేవాడు. దొంగలకు భయపడి కొందరు అడవిలో దాగారు. వెంటబడి వచ్చిన దొంగలు అడిగితే, అబద్ధమాడరాదు గనుక ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. దాగినవారందరూ హతులయ్యారు. కౌశికుడు నరకానికి పోయాడు. నిజం చెప్పానన్న తృప్తి ఆయనకు మిగిలింది. అదొక్కటే ఆయనను రక్షించలేకపోయింది.

ఈ రెండు కథలతో ఆపివేసి, ‘చూశారా, సమయానుకూలంగా నడుచుకోవాలి’ అని చెప్పే ఉపన్యాసకులున్నారు. అంతటితో ఆగితే కృష్ణపరమాత్మ చెప్పినది సగమే విన్నట్లు. ఎందుకంటే ‘నీ ప్రతిజ్ఞ మూర్ఖపుది, దానిని మరచిపో’ అని ఆయన అర్జునునితో అనలేదు. అనడానికి అవకాశం ఉన్నది. అనలేదు. ప్రతిజ్ఞను నిలబెట్టుకునే మార్గం చూపాడు. పూజ్యుని ఏకవచనంతో సంబోధించి అవమానిస్తే అది వధతో సమానం గనుక, అన్నగారిని ‘నువ్వు’ అని పిలిచి నిందించమన్నాడు. తెలుగువారికి ఈ మాట బరువు వేరుగా చెప్పనక్కరలేదు. మన ఇండ్లలో పెద్దవారిని ‘నువ్వు’ అన్నందుకు నెలల తరబడి మాటలు లేకుండా పోయిన సందర్భాలు మీకు తెలియనివి కావు.

అర్జునుడు అలాగే నిందించాడు. కత్తి ఒరలో పెట్టాడు. మరల దూశాడు. ఈసారి తన కొరకే. అటువంటి అన్నను ఇన్ని మాటలన్న శరీరం ఉండరాదన్నాడు. దానికీ స్వామి మార్గం చెప్పాడు. ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానం, నిన్ను నీవు పొగడుకొమ్మన్నాడు. పొగడుకున్నాడు. తరువాత అన్నగారి పాదాల మీద పడ్డాడు. ధర్మరాజు మాత్రం ఆ మాటలకు గాయపడి అడవికి పోతానని లేచాడు. ఆయనను శాంతింపజేయడానికి శ్రీకృష్ణునికే నమస్కరించి వేడుకోవలసి వచ్చింది.

గమనించండి. ప్రాణం నిలిచింది, ప్రతిజ్ఞ నిలిచింది. అయినా ఉచితంగా ఏదీ నిలువలేదు. తమ్ముడు అన్నను చిన్నబుచ్చినందుకు మూల్యం చెల్లించాడు, తనను తాను పొగడుకొని సిగ్గుపడి మరొక మూల్యం చెల్లించాడు. కర్ణపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రి. రాజకార్యాలలో ఇటువంటి ముడులు ఆ మహాకవి ఎన్ని చూసి ఉంటాడో ఊహించుకోవచ్చు.

దీనికన్నా కఠినమైనది ద్రోణవధ. పదునైదవనాడు ద్రోణాచార్యులు పాండవసైన్యాన్ని దహిస్తున్నారు. ఆయన చేతిలో ఆయుధం ఉన్నంతవరకు జయం లేదు. కుమారుడు మరణించాడని వింటే ఆయుధం విడుస్తాడు. మాళవరాజుదైన అశ్వత్థామ అనే ఏనుగును భీముడు చంపి ఆ మాట పలికాడు. ద్రోణుడు నమ్మలేదు. మూడు లోకాల ఆధిపత్యం ఇచ్చినా అసత్యమాడని ధర్మరాజును అడిగాడు. ఒకవైపు సత్యధర్మం. మరొకవైపు తనను నమ్మి వచ్చిన లక్షలాది సైనికుల ప్రాణాలు కాపాడవలసిన రాజధర్మం. అశ్వత్థామ మరణించాడని పైకి చెప్పి, ఏనుగు అన్న మాట వినబడకుండా పలికాడు ధర్మరాజు.

శంఖధ్వానంలో ఆ చివరి మాట కలిసిపోయిందని పురాణకాలక్షేపాలలో చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది, ధర్మరాజు మీది తప్పు కొంత శంఖం మీదికి పోతుంది. వ్యాసుడు అంత వెసులుబాటు ఇవ్వలేదు. ఆ మాటను అస్పష్టంగా పలికినవాడు ధర్మరాజే అన్నాడు. అప్పటివరకు భూమికి నాలుగంగుళాల ఎత్తున నిలిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలకు దిగిందని కూడా చెప్పాడు.

స్వర్గారోహణపర్వం ఇక్కడ కలిపి చదవాలి. శరీరంతో స్వర్గం చేరిన ధర్మరాజుకు ముందుగా దుర్యోధనుడు సింహాసనం మీద కనిపించాడు. తమ్ములెక్కడ అంటే దేవదూత చీకటి దారిన తీసుకొని వెళ్ళాడు. దుర్గంధం, వేదనాస్వరాలు. వెనుదిరగబోతే, మీరున్న గాలి సోకితేనే మాకు హాయిగా ఉన్నది, క్షణం నిలువుమని భీముడు, అర్జునుడు, నకుల సహదేవులు, కర్ణుడు, ద్రౌపది మొదలైనవారి గొంతులు వినిపించాయి. నేను ఇక్కడే ఉంటాను, స్వర్గానికి రానని దూతను పంపివేశాడు. పిదప ఇంద్రుడు వచ్చి కారణం చెప్పాడు. ద్రోణుని వ్యాజంతో వంచించావు గనుక నీకూ వ్యాజంతోనే నరకదర్శనం కలిగింది.

చిన్నతనంలో పాఠశాలలో ఈ ఘట్టం విన్నప్పుడు ఇది అన్యాయమని నాకనిపించేది. చెప్పమన్నవాడు సాక్షాత్తు శ్రీకృష్ణుడు. చెప్పకపోతే సర్వనాశనం. అటువంటప్పుడు శిక్ష ఎందుకు? వయసు వచ్చిన కొద్దీ ఆ శిక్ష మీద నాకు గౌరవం పెరిగింది. ఆ ముహూర్తకాలపు నరకమే లేకపోతే, అవసరం వచ్చినప్పుడు గురువును మోసగించవచ్చునని లోకం అర్థం చేసుకునేది. యుద్ధం గెలవడానికి ఆ మాట అవసరమయింది, ఆ అవసరం సత్యాన్ని రద్దు చేయలేదు. సత్యం తన బాకీని స్వర్గద్వారం దగ్గర వసూలు చేసుకున్నది. భారతకథలో చెప్పుకోదగిన ధర్మపురుషుడే చెల్లించవలసి వచ్చినప్పుడు, మనం ‘పరిస్థితులు అలా వచ్చాయండీ’ అని చేతులు దులుపుకోవడం ఎంతవరకు తగును?

భగవంతుడు కూడా ఈ లెక్కకు వెలిగా నిలువలేదు. స్త్రీపర్వంలో నూరుగురు కొడుకులను కోల్పోయిన గాంధారి, ఆపగలిగి ఆపలేదని శ్రీకృష్ణుని నిందించి, ముప్పది ఆరవ సంవత్సరంలో నీ కులం ఇలాగే నశిస్తుందని శపించింది. ఆయన ధర్మపక్షాన నిలిచినవాడు. శాపాన్ని త్రిప్పికొట్టగల సమర్థుడు. చిరునవ్వుతో స్వీకరించాడు.

మరి సంకటం వచ్చినప్పుడు ఏమీ చేయకుండా కూర్చుంటే ఋణం ఉండదా? ఉంటుంది, మరింతగా ఉంటుంది. నన్నయభట్టారకుడు తెలుగు చేసిన సభాపర్వంలోనే దీనికి సమాధానం ఉన్నది. తనను తాను ఓడిపోయిన తరువాత నన్ను పణంగా పెట్టే అధికారం రాజుకు ఉన్నదా అని ద్రౌపది అడిగితే, ధర్మం సూక్ష్మమైనది, నిర్ణయించి చెప్పలేకున్నానన్నాడు భీష్మ పితామహుడు. వయసులో చిన్నవాడైన వికర్ణుడు లేచి చెప్పాడు, దుర్యోధనుని తమ్ముడై ఉండి. అప్పుడు విదురుడు చెప్పిన ప్రహ్లాదుని కథను దాతలేమి, ధర్మకర్తలేమి, నావంటి అర్చకులేమి నిత్యం గుర్తుంచుకోవాలి. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడు, అంగిరసుని కుమారుడు సుధన్వుడు ‘ఎవరు శ్రేష్ఠులు’ అని ప్రాణాలు పణంగా పెట్టి ప్రహ్లాదుని దగ్గరకే తీర్పుకు వచ్చారు. తండ్రిగా కొడుకును కాపాడుకోవాలి, న్యాయనిర్ణేతగా నిజం చెప్పాలి. ప్రహ్లాదుడు కశ్యపుని అడిగాడు. తెలిసి కూడా కామక్రోధభయాలచేత సమాధానం చెప్పనివాడు వేయి వరుణపాశాలకు కట్టుబడతాడని, సభలో అధర్మాన్ని ఖండించకపోతే ఆ పాపంలో సగం సభాపతికి చేరుతుందని కశ్యపుడు చెప్పాడు. ప్రహ్లాదుడు కొడుకుకు ప్రతికూలంగా తీర్పు చెప్పాడు. సంతోషించిన సుధన్వుడు విరోచనుని ప్రాణం అతనికే తిరిగి ఇచ్చాడు. ధర్మం సూక్ష్మం అన్న మాట సత్యమే. ఆ మాట వెనుక దాగడం మాత్రం మంచిది కాదు. భీష్ముని మీద నాకు భక్తి ఉన్నది, ప్రతి మాఘమాసంలో భీష్మాష్టమి నాడు తర్పణం విడుస్తాను. అయినా ఆనాటి సభలో వికర్ణుడే నాకు పెద్దవాడుగా కనిపిస్తాడు.

రామాయణంలో ఈ ఋణాన్ని మౌనంగా మోసినవాడు భరతుడు. తండ్రి మాట ప్రకారం రాజ్యం ఆయనది. వంశాచారం ప్రకారం అన్నగారిది. రాముడు తిరిగి రానన్నాడు. ప్రజలకు పాలన కావాలి. పాదుకలను సింహాసనం మీద ఉంచి, తాను జటావల్కలాలతో నందిగ్రామంలో ఉండి పదునాలుగు సంవత్సరాలు రాజ్యం నడిపాడు. పాలన అనే ధర్మాన్ని చేశాడు, రాజభోగాన్ని ముట్టలేదు. అయోధ్యలోనే ఉండి పాలించినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఇక శ్రీరామచంద్రుని సంగతి. రావణవధ లోకరక్షణ కొరకు చేసినది. అయినా రావణుడు బ్రహ్మవంశీయుడు గనుక ఆ దోషనివృత్తికి స్వామి శివలింగప్రతిష్ఠ చేశాడని రామేశ్వర స్థలపురాణం చెబుతున్నది. తెలంగాణలో కీసరగుట్ట శ్రీ రామలింగేశ్వరస్వామి క్షేత్రానికీ అదే గాథ. కాశీనుండి లింగం తెమ్మని ఆంజనేయుని పంపితే ముహూర్తానికి రాలేదని, పరమశివుడే లింగాన్ని ప్రసాదించాడని, ఆలస్యంగా వచ్చిన ఆంజనేయుడు తాను తెచ్చిన లింగాలను గుట్టంతా విసిరివేశాడని భక్తులు చెప్పుకుంటారు. అక్కడికి వెళ్ళినవారు ఆరుబయట ఉన్న ఆ లింగాలను చూసే ఉంటారు. చేయవలసిన పనే చేసి, చేసినందుకు కూడా ప్రాయశ్చిత్తం చేసుకున్నవాడు రాముడు. మనం చేతులు జోడించి నిలబడే ఆలయాలలో కొన్ని ఆ ఋణశేషంలో నుండే పుట్టాయని దాతలు గుర్తించాలి.

ఆలయనిర్మాణం అన్నాక భద్రాచల రామదాసును తలచుకోకుండా ఉండలేము. నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. 1672 నుండి 1687 వరకు సాగిన ఆ ప్రభువు పాలనలో అక్కన్న మాదన్నలు మంత్రులు, గోపన్నకు మేనమామలు. వసూలైన సర్కారు సొమ్ముతో గోపన్న భద్రాద్రి రామునికి ఆలయం కట్టించి నగలు చేయించాడు. ఖజానాకు సొమ్ము చేరవేయడం ఉద్యోగధర్మం. స్వామిని ఎండకు వానకు వదలరాదన్నది భక్తధర్మం. ఫలితం పన్నెండు సంవత్సరాల కారాగారమని సంప్రదాయం. ఆయన ఉన్నదని చెప్పే చెరసాలను గోల్కొండ కోటలో నేటికీ చూపుతారు. చెరలో పాడిన ఒక కీర్తనలో నగనగకూ అయిన ఖర్చు లెక్క చెప్పి స్వామిని నిలదీశాడు, తిట్టినందుకు మళ్ళీ తానే క్షమాపణ చెప్పుకున్నాడు.

కథ ముగింపు అందరికీ తెలుసు. రామలక్ష్మణులు సేవకుల రూపంలో రాత్రివేళ వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకున్నారు. తానీషా మనసు మార్చి బాకీ మాఫీ చేయించడం స్వామికి ఎంత పని? అలా చేసినట్లు మనవారు కథ చెప్పుకోలేదు. దైవకార్యానికి ఖర్చయినంత మాత్రాన సర్కారు సొమ్ము సర్కారుది కాకుండా పోదు. దేవుడంతటివాడు వచ్చి పైకంతో సహా లెక్క తీర్చవలసిందే. మన పూర్వులకు భక్తి ఎంత ఉన్నదో, జమాఖర్చు మీద పట్టు అంత ఉన్నది.

ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానం ఇప్పటికి మీకే అంది ఉంటుంది. గొడ్డలికి చెప్పే మాట చెట్టును మోసగించడానికి కాదు. వేటు వేయక తప్పదు, వేటు హింస కాకుండా పోదు. క్షమాపణ లేకుండా నరికేవాడు రెండవ సంగతి మరచిపోతాడు. హింస అని నరకడమే మానినవాడు మొదటిది మరచిపోతాడు. జీర్ణోద్ధారణ విధానమంతా ఈ ఎరుకతోనే నడుస్తుంది. పగిలిన గోడను విప్పాలన్నా, కదలిన అష్టబంధనాన్ని తీయాలన్నా స్వామిని కదిలించక తప్పదు. అందుకే కళాకర్షణ చేసి దేవతాశక్తిని కలశంలోనికి ఆవాహన చేస్తాము. బాలాలయంలో నిత్యార్చన లోపం లేకుండా జరుపుతాము. పనులు ముగిసి మూలమూర్తిలో పునఃప్రతిష్ఠ చేసేవరకు ఏ పూట నైవేద్యమూ తప్పదు. అయినా ప్రాయశ్చిత్తహోమం చేస్తాము. 2018 ఆగస్టులో తిరుమల క్షేత్రంలో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ జరిగినప్పుడు కూడా స్వామివారికి బాలాలయ విధి తప్పలేదు. అంతటి క్షేత్రానికి ఉన్న నియమమే వీధి చివర చిన్న గుడికీ ఉన్నది.

దాతల విషయంలో ఒక్క సంగతి చెప్పాలి. పేరు చెప్పను. ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు చేయించడానికి ధనం చాలక మేము చింతలో ఉన్న రోజులలో ఒక భక్తుడు ఏబది వేల రూపాయలు తెచ్చి పళ్ళెంలో పెట్టారు. కుమారునికి ప్రాణం మీదికి వచ్చినప్పుడు మొక్కుకున్నారట. పిల్లవాడు కోలుకున్నాడు. వెంట వచ్చిన ఆయన భార్య తలవంచుకొని నిలబడి ఉన్నది. నేను కుశలం అడిగితే, అత్తగారు జారిపడి తుంటి ఎముక విరిగి మంచంలో ఉన్నారని, ఆపరేషనుకు కూడబెట్టిన సొమ్ము ఇదేనని మెల్లగా చెప్పింది. ‘మొక్కు తప్పితే స్వామి ఊరుకుంటాడా పంతులుగారూ?’ అన్నారు ఆయన. ఆ భయం నిజమైనది. దానిని మూఢత్వమని తోసిపుచ్చే అధికారం నాకు లేదు. కొడుకు కొరకు ఇచ్చిన మాట ఒకవైపు, కన్నతల్లి మరొకవైపు.

తనవారు దుఃఖంలో ఉండగా పరులకు దానం చేసేవాని ధర్మం, నాలుకకు తగలగానే తేనెలా ఉండి రుచికి విషమయ్యేదని, అది ధర్మానికి నకలు మాత్రమేనని మనుధర్మశాస్త్రం చెప్పింది. ఆ మాట ఆయనకు వివరించి పళ్ళెం తిరిగి ఇచ్చాను. మొక్కును రద్దు చేయలేదు, చేయడానికి నేనెవరిని? స్వామి పాదాల దగ్గర ఉంచిన పసుపు గుడ్డలో పదకొండు రూపాయలు ముడుపు కట్టించి, దేవుని గూటిలో పెట్టుకోమని, అమ్మగారు లేచి నడిచిన తరువాత వీలును బట్టి తీర్చమని చెప్పాను.

కార్యవర్గంలో ఒకరిద్దరికి నా పని నచ్చలేదు. స్వామికి వచ్చినదానిని కాదనే హక్కు అర్చకునికి లేదన్నారు. వారి మాటలో న్యాయం ఉన్నది. పళ్ళెంలో పడిన క్షణం నుండి అది దేవుని సొమ్ము, నేను దానికి కాపలాదారును. ఒక ధర్మాన్ని నిలబెట్టడానికి నేను మరొకదానిని దాటాను. అందుకని నాకు రావలసిన సంభావనలో నుండి నెలకు కొంత తొడుగు ఖాతాలో జమ చేసుకోమన్నాను. దానిని విరాళమని వ్రాయవద్దన్నాను. గుమాస్తా ఏమని వ్రాయాలని అడిగాడు. బాకీ అని వ్రాయమన్నాను.

ఆ తల్లిగారు ఇప్పుడు చేతికర్ర ఊతంతో ప్రాకారం వరకు నడిచి వస్తున్నారు. ఆ భక్తుడు కార్తీకమాసంలో ఒక విడత, మహాశివరాత్రికి ఒక విడత తెచ్చి ఇస్తున్నారు. మొత్తం తీరడానికి ఇంకా ఒకటి రెండు సంవత్సరాలు పడుతుంది. ముడుపు వారి ఇంటి దేవుని గూటిలోనే ఉన్నది.

స్వస్తి.